కృష్ణామండలము – సముద్రద్వారము, నదీద్వారము

ఈ వార్షిక మహాసభా సంచికకు మన జిల్లా చరిత్రమును గూర్చి యొక వ్యాసము వ్రాసి యీయవలసినదని సంఘ కార్యదర్శి మహాశయులు కోరిరి. పాఠశాలలో బాలురకు సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్నవారము మేము. శాసన పరిశోధకులకు గల పరిశ్రమ మాకు లేదు. అయినను పుట్టి పెరిగిన మండలముపై మమకారము మాత్రము కలదు గనుక, రూఢిగా తెలిసిన విషయములను ఏర్చి కూర్చి, కులబంధువుల యెదుటను పోషక మహాశయుల యెదుటను ఉంచుచున్నాము.

బందరు అనునది పారసీక పదము. దానికి రేవు అని యర్థము. మచిలీపట్టణమును మనవారు నేటికిని బందరు అనియే పిలుతురు. రేవనగా ఆ యూరేయని యొకనాటి లోకము తలచెనన్నమాట. పేరు నిలిచినది, ఓడలు నిలువలేదు. అట్లని ఓడలు పోయిన పిదప ఈ మండలము దారిద్ర్యమున మునిగిపోయెనా యనిన, అదియును లేదు. కొలదికాలము గడచునప్పటికి ఆంధ్రదేశమునకే అన్నము పెట్టు సీమ యని పేరు గాంచినది. సిరి యొక వాకిట వెడలి మఱియొక వాకిట ప్రవేశించినది. మొదటిది సముద్రద్వారము, రెండవది నదీద్వారము. మొదటి వాకిలి ఎట్లు తెఱచుకొని ఎట్లు మూతపడెనో, రెండవ దానిని ఎవరు తెఱచిరో, నేడు దాని గతి యెట్లున్నదో విచారించుటయే ఈ వ్యాస ప్రయోజనము.

మండల స్వరూపము

కృష్ణానది సహ్యాద్రియందు మహాబలేశ్వరము కడ పుట్టి, మహారాష్ట్ర కర్ణాటక తెలంగాణ సీమలను దాటి, సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి సముద్రమును చేరుచున్నది. విజయవాడ కడ ఉత్తరమున ఇంద్రకీలాద్రియు, దక్షిణమున సీతానగరపు కొండయు నిలిచి నదిని ఇఱుకున బెట్టుచున్నవి. ఆ యిఱుకు దాటిన పిదప నదికి అడ్డులేదు. పులిగడ్డ కడ రెండు పాయలై, దివిసీమను నడుమ నుంచుకొని, హంసలదీవి ప్రాంతమున సాగరసంగమము చేయుచున్నది.

ఆ కొండలకు పశ్చిమోత్తరములనున్నది మెట్టసీమ. నందిగామ, జగ్గయ్యపేట, మైలవరము, తిరువూరు ప్రాంతము లందులోనివి. అచట నల్లరేగడిలో ప్రత్తియు మిరపయు పండును. నూజివీటి మామిడి ప్రసిద్ధము. జగ్గయ్యపేట చెంత సున్నపురాయి విస్తారముగా నుండుటచేత సిమెంటు కర్మాగారములు వెలసినవి. కొండపల్లి వారు తెల్లపొణికి కఱ్ఱతో బొమ్మలు చేయుదురు. కొండలకు తూర్పున సముద్రము వఱకు పల్లపుసీమ. అది వరికి పుట్టినిల్లు. ఈశాన్యమున కృష్ణాగోదావరీ డెల్టాల నడుమ కొల్లేరు కలదు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు నేఱులు దానిలో బడును. మిగులు నీరు ఉప్పుటేరు గుండ కడలి చేరును.

ఇచట పాఠకులు ఒక విషయము మనస్సున నుంచుకొనవలెను. పల్లపుసీమ యంతయు నది తెచ్చి పోసిన ఒండ్రుమట్టియే. ఆ మట్టియే సముద్రపు టొడ్డున మేటవేసి తీరమును మెఱకగావించుచున్నది. కావుననే బందరు కడ పెద్ద యోడలు ఒడ్డునకు రాలేక కొన్ని మైళ్ళ దూరమున లంగరు దింపవలసి వచ్చెడిది. సరకులను చిన్న పడవలపై చేరవేసెడివారు. పొలమును చేసిన నదియే రేవును చెఱచినది. ఈ మండల చరిత్రమునకంతకు ఈ యొక్క మాట తాళపుచెవి వంటిది.

జిల్లా యెల్లలు పలుమాఱు మాఱినవి. 1859 లో మచిలీపట్టణము, గుంటూరు, రాజమహేంద్రవరము జిల్లాలను పునర్వ్యవస్థీకరించి కృష్ణా, గోదావరి జిల్లాలుగా జేసిరి. 1904 లో గుంటూరు వేఱుపడినది. నాడే గోదావరికి పడమటనున్న తాలూకాలు కృష్ణలో చేరినవి. 1925 లో ఆ తాలూకాలు పశ్చిమగోదావరి జిల్లా యైనవి. 2022 లో విజయవాడ ముఖ్యపట్టణముగా ఎన్.టి.ఆర్. జిల్లా యేర్పడినది, నూజివీడు, కైకలూరు ప్రాంతములు ఏలూరు జిల్లాలో చేరినవి, బందరు ముఖ్యపట్టణముగా మిగిలిన భాగము కృష్ణాజిల్లా పేరుతో నిలిచినది. మేము కృష్ణామండల మనునది 2022 నాటి విభజనకు ముందున్న జిల్లాను. కథకు అవసరమైన చోట పొరుగు సీమను గూడ స్పృశింతుము.

సముద్రద్వారము

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకు నావికుడొకడు వ్రాసిన సముద్రయాన గ్రంథమున మసాలియా యను సీమ పేర్కొనబడినది. అచట సన్నని బట్టలు సమృద్ధిగా తయారగునని ఆతడు చెప్పియున్నాడు. రెండవ శతాబ్దమున టాలెమీ ఈ తీరమున కంటకోస్సుల యను పట్టణమును చెప్పెను. నాగార్జునకొండ ప్రాకృత శాసనమున కంటకసేల యను పేరు కన్పట్టుచున్నది. అదియే నేటి ఘంటసాల. అచట బౌద్ధస్తూపము త్రవ్వకములలో బయల్పడినది. గుడివాడలోను, జగ్గయ్యపేటలోను స్తూపములు కలవు. పరదేశపు టోడలు వచ్చు తీరమున, వర్తకుల బండ్లు నడచు బాటల వెంట బౌద్ధధర్మము ప్రబలుట సహజమే.

జగ్గయ్యపేట స్తంభశాసనమున నొక విశేషము కలదు. ఇక్ష్వాకు రాజగు వీరపురుషదత్తుని యిరువదవ రాజ్యసంవత్సరమున, సిద్ధార్థుడను శిల్పి యొకడు మహాచైత్యపు తూర్పు ద్వారము కడ ఐదు ఆయక స్తంభములు నిలిపెను. తన తండ్రి పేరును తమ వంశీయుల పేరులను అతడు శాసనమున చెక్కించుకొనెను. రాజు పేరు సంవత్సరము తెలుపుటకు మాత్రమే వచ్చినది. దానము చేసినవాడు చేతిపనివాడు. పదునేడు వందల యేండ్లకు పూర్వమే యొక శ్రమజీవి తన పేరును రాతిపై నిలుపుకొనగలిగెనన్న, నాటి సంపద రాచనగరులలోనే యుండిపోలేదని గ్రహింపవచ్చును.

పదుమూడవ శతాబ్దమున కాకతీయ గణపతిదేవ చక్రవర్తి దివిసీమను జయించి, అచటి నాయకుని కుమార్తెలగు నారాంబ పేరాంబలను వివాహమాడెను. వారి సోదరుడగు జాయపుని గజసేనాధిపతిగా జేసికొనెను. ఆ జాయపుడే నృత్తరత్నావళీ గ్రంథకర్త. దివిని కైవసము చేసికొనుట యనగా తీరమును కైవసము చేసికొనుటయే. 1244 లో ఆ చక్రవర్తి దక్షిణమున మోటుపల్లి రేవు కడ అభయశాసనము వేయించెను. తుపానునకు జిక్కి యొడ్డునకు గొట్టుకొని వచ్చిన యోడల సరకును పూర్వరాజులు బలిమిని హరించెడివారు. ప్రాణముల కంటె ప్రియమైన ధనమును నావికులకే విడిచి, న్యాయమైన సుంకము మాత్రమే గైకొందునని ఆయన ప్రకటించెను. వర్తకుడు వచ్చుటకు రేవు చాలదు, నమ్మకము కావలెనని ఆ ప్రభువు ఎఱిగెను.

గోలకొండ సుల్తానుల కాలమున బందరు పరమోన్నతి నందినది. వారికి పారసీకముతో మతబంధమును వర్తకబంధమును గలవు. డచ్చివారు 1606 లో బందరున వర్తకశాల నెలకొల్పిరి. ఇంగ్లీషువారి గ్లోబు అను ఓడ 1611 లో వచ్చినది. నిజాంపట్టణమునను మచిలీపట్టణమునను వారు వర్తకమున కారంభించిరి. పూర్వతీరమున వారి వ్యాపారమునకు మొదలు ఇదియే. 1669 లో ఫ్రెంచివారును వచ్చిరి. గోలకొండ మంత్రియగు మీర్ జుమ్లా స్వయముగా ఓడలు కలిగి వర్తకము చేసెను.

వీరందఱు ఏమి కోరి వచ్చిరి? పరిటాల, కొల్లూరు గనుల వజ్రములు కొంత కారణము. ముఖ్యకారణము బట్ట. సుగంధద్రవ్యములు పండు తూర్పు ద్వీపములలోనివారు వెండి బంగారముల కంటె మన తీరపు అద్దకపు బట్టలనే మిక్కిలి కోరెడివారు. అందుచేత డచ్చివారు ఇచట బట్ట కొని, అచట బట్ట నిచ్చి, మిరియములు లవంగములు జాజికాయలు కొని యూరపునకు పంపెడివారు. పారసీక దేశమునకును ఇచటినుండి కలంకారీ తెఱలు, పఱపులు, రుమాళ్ళు వెళ్ళెడివి.

కలంకారీ పనిని కన్నులార చూడనివారి కొఱకు రెండు మాటలు చెప్పెదము. నేతబట్టను ముందు గంజి పోవునట్లు ఉదికి, కరక్కాయ కషాయమును గేదెపాలును కలిపిన నీట నానవైచెదరు. ఇనుప ముక్కలను బెల్లపునీట ఊరవైచి తీసిన కసిముతో నలుపు గీతలు వేయుదురు. ఎఱుపు రావలసిన చోట పటికనీరు అద్ది, చిరివేరుతో కూడిన నీట కాగబెట్టుదురు. పటిక యున్నచోట మాత్రమే యెఱుపు పట్టును. పిమ్మట పాఱు నీటిలో పలుమాఱు జాడించవలెను. నిలువ నీటిలో జాడించిన రంగు మాసిపోవును. నది యిసుక దిబ్బలపై పెరిగిన చిరివేరు, నదిలోని పాఱు నీరు, ఈ రెండును లేనిచో బందరు ఎఱుపు లేదు. కావున సముద్రద్వారమున వెడలిన సిరి గూడ నది పెట్టిన భిక్షయే.

ఆ సిరి కళలను గూడ పోషించినది. మొవ్వ గోపాలుని మీద పదములు చెప్పిన క్షేత్రయ్య పదునేడవ శతాబ్దమువాడు. ఆ చెంతనే కూచిపూడి. గోలకొండ కడపటి సుల్తానగు తానీషా ఆ గ్రామమును నాట్యాచార్యుల కుటుంబములకు అగ్రహారముగా నిచ్చెనని సంప్రదాయము. 1687 లో గోలకొండ మొగలాయీల వశమైనది.

వాకిలి మూతపడుట

మూత యొక్కదినమున పడలేదు. చెన్నపట్టణమున 1639 లో ఇంగ్లీషువారు కోటకు స్థలము సంపాదించిరి. క్రమముగా వారి ముఖ్యవర్తకము అచటికి తరలినది. పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రెంచివారికిని ఇంగ్లీషువారికిని ఈ తీరము రణరంగమైనది. 1759 ఏప్రిలున కర్నలు ఫోర్డు బందరు కోటను రాత్రివేళ ముట్టడించి పట్టుకొనెను. 1765 లో మొగలు చక్రవర్తి ఫర్మానా వలనను, 1766 లో నిజాముతో జరిగిన సంధి వలనను ఉత్తర సర్కారులు కుంఫిణీవారికి దక్కినవి. వర్తకునిగా వచ్చినవాడు పన్ను వసూలు చేయు ప్రభువైన పిమ్మట, నేతగానితో బేరమాడు పద్ధతి మాఱిపోవుట వింతగాదు.

అంతలో ఇంగ్లండున ఆవిరి మరలు వచ్చినవి. అచటి బట్టయే యిచటికి దిగుమతియగుట కారంభించెను. 1833 నాటి చట్టముతో కుంఫిణీవారు వర్తకమునే మానుకొనిరి. తరతరములుగా సాలెవాడలలో బయానా లిచ్చి బట్ట కొనిన కుంఫిణీ కొనుగోలు ఆగిపోయినది. మగ్గము విడిచినవాడు పొలమునకు కూలికి పోయెను. కాని పొలమున నీరేదీ? నదియందలి నీరు వరదకాలమున కట్టలు తెంచుకొని పోవును. మిగిలిన కాలమున ఇసుక మిగులును.

ఆ సమయముననే 1832-33 నాటి నందననామ సంవత్సరపు కఱవు వచ్చినది. దీనినే డొక్కల కఱవందురు. గుంటూరు ప్రాంతమున దాని తీవ్రత మిక్కుటము. అచటి జనములో మూడవ వంతునకు తక్కువ గాకుండ నశించిరని నాటి లెక్కలు చెప్పుచున్నవి. కృష్ణ ప్రక్కనే ప్రవహించుచుండ, ఆ నదికి ఇరుప్రక్కల జనులు నీరులేక పైరులేక మరణించిరి. సముద్రద్వారము మూతపడి నదీద్వారము తెఱవని ఆ నడిమికాలమే ఈ మండలమునకు కాళరాత్రి.

బందరునకు కడపటి దెబ్బ 1864 నవంబరు 1 వ తేది రాత్రి తగిలినది. తుపానుతో సముద్రము పొంగి పట్టణముపైని చుట్టుపట్ల గ్రామములపైని వచ్చి పడెను. సుమారు 30,000 మంది మరణించిరి. పట్టణము మరల కట్టుకొనెను గాని రేవు మునుపటివలె కోలుకొనలేదు. డచ్చివారి సమాధులు మాత్రము నేటికిని అచట నిలిచియున్నవి.

నదీద్వారము

కఱవు వలన జనులు నశించిరి. సర్కారువారికి శిస్తు నశించినది. మొదటిదానికి జాలి పడినవారు కొందఱే యైనను, రెండవదానికి అందఱును కలవరపడిరి. గోదావరిపై ధవళేశ్వరము కడ ఆర్థరు కాటను దొర 1847 లో ఆనకట్ట పని ప్రారంభించెను. కృష్ణకు గూడ అట్టిది కావలెనని ఆయన వాదించెను. కెప్టెను లేకు విచారణ జరిపి సానుకూలముగా నివేదిక పంపెను. కెప్టెను ఓరు పని నడిపెను. 1852 లో మొదలైన బెజవాడ ఆనకట్ట 1855 లో పూర్తియైనది. నదీగర్భమంతయు ఇసుక, రాతిపునాది అందదు. రెండు ప్రక్కల కొండల నుండి రాయి కొట్టి తెచ్చి, ఇసుకమీదనే పోసి, బరువుతోనే నిలుచునట్లు కట్టిరి. కొండల యిఱుకు తోడ్పడినది. కొండల రాయియును తోడ్పడినది. ఆ రాళ్ళు మోసిన కూలీల పేరులు మాత్రము ఏ శాసనమునను లేవు. జగ్గయ్యపేట శిల్పికి దక్కిన గౌరవము వారికి దక్కలేదు.

ఆనకట్టకు ఎడమనుండి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవసు కాలువ మొదలగునవి బయలుదేఱినవి. కుడిప్రక్క కొమ్మమూరు కాలువ గుంటూరు సీమకు నీరిచ్చి బకింగుహాము కాలువతో కలిసినది. ఏలూరు కడ కృష్ణ నీరును గోదావరి నీరును కలిసికొనినవి. అందుచేత కాకినాడనుండి చెన్నపట్టణము వఱకు పడవపై పోవుటకు వీలైనది. కాలువయనగా పొలమునకు నీరు మాత్రమే కాదు. ధాన్యము మోయు బాట గూడ నదియే. 1889 లో నిజాము రైలు బెజవాడ చేరినది. 1893 లో కృష్ణపై రైలు వంతెన యేర్పడి, తూర్పుతీరపు మార్గము సాగినది. నాటినుండి బెజవాడ నాలుగు దిక్కుల కూడలి యైనది. బందరు వెనుకబడి బెజవాడ ముందునకు వచ్చుటకు మూలము ఇదియే. సరకు కడలి వైపు పోవుట మాని, రైలు వైపు పోవజొచ్చెను.

నీరు వచ్చినంతనే అందఱికిని సిరి వచ్చినదని చెప్పరాదు. నూజివీడు, చల్లపల్లి మొదలగు జమీందారీలలో రైతులు చిరకాలము శిస్తుభారము మోసిరి. 1948 నాటి చట్టముతో జమీందారీలు రద్దయినవి. పొలములేని కూలివాని స్థితి వేఱు కథ. అయినను సార్వా పంటకు నీరు నిశ్చయమగుటచేత, ఏటేట మిగులు ధాన్యము కండ్ల జూచిన కుటుంబములు పెరిగినవి. కొన్ని చోట్ల దాళ్వా గూడ వేసిరి. ఉయ్యూరు ప్రాంతమున చెఱకు పెరిగి చక్కెర కర్మాగారము వెలసినది.

1952 లో పాత ఆనకట్టకు గండి పడినది. దాని యెగువను 1954 లో మొదలుపెట్టి 1957 నాటికి క్రొత్త బ్యారేజి కట్టి, టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరిడిరి. దానిక్రింద సుమారు 13 లక్షల యెకరములు సాగగుచున్నవి.

ధాన్యము విద్యయైన విధము

మూడవ వాకిలి యొకటి గలదు. అది మొదటి రెంటివలె కంటికి గన్పడదు. బందరున 1843 లో రాబర్టు నోబిలు దొర స్థాపించిన పాఠశాల తరువాత కళాశాలయై అనేకులను విద్యావంతులను జేసినది. కాలువలు తవ్విన పిదప పల్లెలలో మిగిలిన ధాన్యము రొక్కమై, రొక్కము బాలుర చదువునకు వినియోగపడినది. 1902 లో బందరున కృష్ణాపత్రిక పుట్టినది. ముట్నూరి కృష్ణారావుగారి చేతిలో అది తెలుగువారికి రాజకీయమును సాహిత్యమును నేర్పినది. 1910 లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినది. 1914 లో బెజవాడ రామమోహన గ్రంథాలయమున ఆంధ్రదేశపు గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినది. 1921 లో బెజవాడ కాంగ్రెసు సభలో, భట్లపెనుమఱ్ఱు గ్రామమున జన్మించిన పింగళి వెంకయ్యగారు గాంధీమహాత్మునికి పతాకరూపమును సమర్పించిరి. 1923 లో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు బందరున ఆంధ్రా బ్యాంకు స్థాపించిరి. ఆ బ్యాంకు 2020 లో యూనియను బ్యాంకున విలీనమైనది.

వీనిలో పెక్కింటికి పుట్టినిల్లు బందరే యగుట గమనింపదగినది. ఓడలు పోయిన యూరు ఊరకుండలేదు. వర్తకము నేర్పిన లోకజ్ఞానమును విద్యగా మార్చుకొనినది. చిలకలపూడి వారు రాగిపై బంగారుపూత నగలు చేసి దేశమంతట పేరుపొందిరి. పెడనలో కలంకారీ అచ్చులు నేటికిని చెక్కుచున్నారు. ఇక కంకిపాడున 1902 లో జన్మించిన కానూరి లక్ష్మణరావుగారు ఇంజనీరై, కేంద్రమంత్రియై, దేశపు నదులకు ప్రణాళికలు రచించిరి. కాలువగట్టు ప్రక్కన పుట్టిన బాలుడు నాగార్జునసాగరము వంటి నిర్మాణములకు కారకులలో నొక్కడగుట, నదీద్వారము తెఱచినందులకు కలిగిన మేలిఫలము.

నేటి స్థితి

ఇపుడు రెండవ వాకిటి సంగతి. 1967 లో నాగార్జునసాగరము నీరు విడిచినది. శ్రీశైలము, ఇంకను ఎగువ రాష్ట్రములలో ఆలమట్టి మొదలగునవి కట్టబడినవి. ఎగువవారికి నీరు వలదని యెవ్వరును అనరాదు. మెట్టసీమవాడును మన సోదరుడే. బచావత్ న్యాయమండలి కృష్ణాడెల్టాకు 181.20 టి.ఎం.సి. నీరు కేటాయించినది. అయితే కాగితముపై హక్కు వేఱు, కాలువలో నీరు వేఱు. వానలు తప్పిన యేడు ఎగువ జలాశయములు నిండిన పిదపనే దిగువకు వచ్చును. నాట్లకాలము దాటిన తరువాత వచ్చిన నీరు చుట్టమువలె వచ్చి పోవును. డెల్టా కొఱకు పులిచింతల కడ జలాశయము కట్టి లక్ష్మణరావుగారి పేరు పెట్టిరి. 2015 లో పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీటిని తెచ్చి కృష్ణలో పోయుట మొదలైనది. అనగా తాను ఒకనాడు పెన్నిధియై పోషించిన సీమకు నేడు కృష్ణ తన చెల్లెలి కడ నప్పు తెచ్చి పెట్టుచున్నది.

శివారు గ్రామముల కష్టము పట్టణములవారికి తెలియదు. నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను వైపు కాలువ చివర నున్న రైతునకు నీరు చాలనపుడు, క్రిందినుండి ఉప్పు పైకి వచ్చును. మంచినీరు నేలలోనికి దిగకున్న సముద్రమే దిగును. ఉప్పునీటి రొయ్యల చెఱువులు కొందఱికి రొక్కము తెచ్చినవి. ప్రక్క పొలములకు చవుడు తెచ్చినవి.

మఱియొక వంక నీరు లేమియే గాదు, నీరు మితిమీఱుటయు ఆపదయే. 1977 నవంబరు 19 వ తేది ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టినది. సర్కారు లెక్కలోనే సుమారు 10,000 మంది పోయిరి. 2024 సెప్టెంబరు తొలిదినములలో ప్రకాశము బ్యారేజి కడ సెకనుకు 11 లక్షల ఘనపుటడుగులకు మించిన వరద వచ్చినది. అదేవేళ బుడమేరు పొంగి విజయవాడ పేటలను దినములకొలది ముంచినది. కొల్లేటికి పోవలసిన యేటి దారిని ఇండ్లతో నింపుకొన్న పిమ్మట, ఏఱు తన దారి వెదకికొనుట దోషమనరాదు. తీరమునందలి మడ యడవులు అలల వేగమును తగ్గించు కోటగోడలు; వానిని నఱకుట స్వహస్తములతో కోట పడగొట్టుకొనుటయే.

మూతపడిన మొదటి వాకిలిని మరల తెఱచుటకు 2023 లో మంగినపూడి తీరమున క్రొత్త రేవు పనులు ఆరంభమైనవి. అది సఫలమగుగాక యని మా కోరిక. కాని ఆ తీరపు ఒండ్రుమట్టి నాటి మట్టియే. యంత్రములతో ఎంత త్రవ్వినను, త్రవ్వుచునే యుండవలెను. రేవు కట్టుట యొకనాటి పని. రేవును కాచుట తరతరముల పని.

పెద్దలకు విన్నపము

ఈ చరిత్రము నుండి మాకు తోచినది ఒక్కటి. గోలకొండనాటి బందరు వర్తకుడు ఓడలు ఎల్లకాలము వచ్చునని తలచెను. కాలువలు తవ్వించిన తరమువారు నీరు ఎల్లకాలము వచ్చునని తలచిరి. ఏ వాకిలియును శాశ్వతము గాదు. ఒక వాకిలి మూతపడునపుడు రెండవదానిని వెదకుకొనగల నేర్పు విద్య వలననే వచ్చినది. కావున విద్యయొక్కటే మన పిల్లలకు తాళము వేయరాని వాకిలి. మన సంఘము విద్యార్థులకు చేయు సాయమును ఈ దృష్టితో చూడవలసినదని పోషక మహాశయులను ప్రార్థించుచున్నాము.

రెండవ విన్నపము. మన యిండ్లలో పాత దస్తావేజులు, నీటితీరువ రసీదులు, పడవల కౌలు కాగితములు, అద్దకపు రంగుల కొలతలు వ్రాసిన పుస్తకములు అటకలమీద చెదలు తినుచున్నవి. రాజుల చరిత్రకు శాసనములున్నవి. మన తాతల చరిత్రకు ఆ కాగితములే శాసనములు. ప్రతి గ్రామమున చదువుకొన్న యువకు డొక్కడు వానిని చూచి, నకలు వ్రాసి, సంఘమునకు చేర్చినచో, ఆనకట్టకు రాళ్ళు మోసినవాని పేరు గూడ ఏనాటికైనను ఒక పుటలో కెక్కవచ్చును. వ్యయము స్వల్పము. ఆలస్యమైనచో మాత్రము నష్టము తీఱనిది.

మండలము నీటితో పుట్టినది; నీటిచే పెరిగినది; నీటికే భయపడుచున్నది. ఎగువనున్నవాడు శివారువానిని తలచుకొనుచు, తీరముననున్నవాడు మడచెట్టును కాచుకొనుచు, పట్టణముననున్నవాడు ఏటి దారిని విడిచిపెట్టుచు బ్రదికిన, ఈ రెండవ వాకిలి మన మనుమల కాలమున గూడ తెఱచియుండును. మహాసభ జయప్రదమగుగాక. స్వస్తి.